ప్యాకెట్ మీద సున్నాలో ‘యు’ ఉంటే ఏమనుకోవాలి?

మీరు అడిగినవి మూడు విషయాలు. మీ బాబుకి పాల అలర్జీ. మీ అత్తగారు గుడ్డు కూడా ముట్టని శాకాహారి. అమెరికాలోని ఎడిసన్‌లో కొన్న బిస్కెట్ ప్యాకెట్ మీద సున్నాలో యు అక్షరం, పక్కన డి కనిపించాయి, అదేమైనా వెజ్ గుర్తా అన్నది మొదటిది. అదే యు, డి లేకుండా, గుంటూరులో తయారైన గోంగూర పచ్చడి సీసా మీద ఎందుకుంది అన్నది రెండోది. ‘కోషర్ అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు, క్లీన్‌గా ఉంటుంది’ అని మీ ఆఫీసులో చెప్పే మాట నిజమేనా అన్నది మూడోది.

గుంటూరు చుట్టుపక్కల మిర్చి, పసుపు నుంచి ఓలియోరెసిన్ తీసే ఫ్యాక్టరీల్లో ఇరవై రెండేళ్లు క్వాలిటీ చూశాను. ఓలియోరెసిన్ అంటే మిరపకాయలోని రంగూ ఘాటూ లాగేసిన చిక్కటి సారం. మసాలా చిప్స్ నుంచి సాస్‌ల దాకా అన్నిట్లో పడుతుంది. ఆ ఇరవై రెండేళ్లలో చాలా కాలం కోషర్ తనిఖీల ఫైలు నా టేబుల్ మీదే ఉండేది. అందుకని కాస్త పొడుగ్గానే చెబుతాను. తొందరలో ఉంటే ఇంతవరకు చదివి వెళ్లండి: బాబు కోసం కొనేటప్పుడు డి కనబడితే ప్యాకెట్ తిరిగి షెల్ఫులో పెట్టేయండి, డి లేదని మాత్రం ధైర్యపడకండి. అత్తగారి కోసం కొనేటప్పుడు ఆ గుర్తును అసలు లెక్కలోకే తీసుకోకండి.

సున్నాలో యు అంటే ఓయూ. మనకి ఓయూ అంటే ఉస్మానియానే గుర్తొస్తుంది గానీ, ఇది న్యూయార్క్‌లోని ఆర్థడాక్స్ యూనియన్ అనే యూదు సంస్థ ముద్ర, ఆ సరుకు కోషర్ అని, అంటే యూదుల ఆహార నియమాలకు తగినదని చెప్పే గుర్తు. 1923లో హైన్జ్ కంపెనీ వాళ్ల శాకాహార బేక్డ్ బీన్స్ డబ్బాతో ఈ వ్యవహారం మొదలైంది. ఒక్కటి గమనించండి. ఆ డబ్బా మీద యూదుల భాషలో పెద్ద అక్షరాలతో ఏమీ రాయలేదు. తెలిసినవాడికి తెలిసేలా, తెలియనివాడు పట్టించుకోనంత చిన్న గుర్తు పెట్టారు. వందేళ్లయినా అదే పద్ధతి. మీరు ఇన్నాళ్లు చూడకుండా కొన్న సగం సామాన్ల మీద అది ఉండే ఉంటుంది, వంటింట్లోకి వెళ్లి ఉప్పు, వంటనూనె, కార్న్‌ఫ్లేక్స్ డబ్బాలు తిప్పి చూడండి.

నియమాలు ఎక్కడివంటే, యూదుల పవిత్ర గ్రంథం తోరా నుంచి. మన ఊళ్లలో బైబిల్ చదివినవాళ్లకి లేవీయకాండం పదకొండో అధ్యాయం గుర్తుండొచ్చు. గిట్టలు చీలి ఉండి, నెమరు వేసే జంతువే తినాలి. ఆవు, మేక, గొర్రె సరే. పంది గిట్ట చీలి ఉంటుంది, నెమరు వేయదు, పనికిరాదు. కోసే పద్ధతి వేరే ఉంది, నెత్తురు పోయేదాకా ఉప్పు పట్టించడం ఉంది. మేకపిల్లను దాని తల్లి పాలలో ఉడికించొద్దన్న మాట మూడుచోట్ల వస్తుంది. దాన్నుంచి మాంసం, పాలు ఒకచోట కలవకూడదన్న నియమం పుట్టింది. తినడంలోనే కాదు, వండే గిన్నెల్లో కూడా. అందుకే పాలకు ఒక గిన్నెల సెట్టు, మాంసానికి ఇంకొకటి. మా నాయనమ్మ మడి గిన్నెలు అటక మీద విడిగా పెట్టుకునేది, నాకు ఈ రూల్ అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. పాలూ మాంసమూ రెండూ లేనిదాన్ని పారెవ్ అంటారు. కూరగాయలు, ధాన్యాలు, నూనెలతో పాటు గుడ్డు, చేప కూడా పారెవ్ లెక్కలోకే వస్తాయి. మీ అత్తగారికి చిక్కు ఇక్కడే.

చేపల సంగతి చెప్పకుండా ఉండలేను. రెక్కలూ పొలుసులూ రెండూ ఉంటేనే చేప కోషర్. గోదావరి పులస పనికొస్తుంది, రాగండి, బొచ్చె పనికొస్తాయి. పొలుసు లేని వాలుగ పనికిరాదు, సొర పనికిరాదు. పీత, రొయ్య అసలే పనికిరావు. భీమవరంలో చెరువులున్న మా తోడల్లుడు ఒకసారి ఫోన్ చేసి, ‘బావా, మీ దగ్గరకి వచ్చే ఆ రబ్బీ గారితో మాట్లాడి మన వనామీకి ఒక కోషర్ సర్టిఫికెట్ ఇప్పించు, అమెరికా రేటు వస్తుంది’ అన్నాడు. ఎంత ఖర్చయినా పర్లేదట! (రబ్బీ అంటే యూదుల మతగురువు, కోషర్ తనిఖీకి వచ్చేది ఆయనే.) రొయ్యకు ఆ ముద్ర పడదని చెప్తే, తప్పించుకుంటున్నాననే అనుకున్నాడు చాలా రోజులు.

ఇక ఫ్యాక్టరీలో ఏం జరుగుతుందో చెబితే ఆ గుర్తు విలువ మీకే తెలుస్తుంది. కోషర్ సంస్థతో ఒప్పందం కుదిరాక రెండు జాబితాలు తయారవుతాయి. మేం వాడే ప్రతి ముడిసరుకు, దాన్ని ఏ కంపెనీ నుంచి కొంటున్నామో సహా, ఒక జాబితాలో. మేం తయారుచేసి ముద్ర వేయదలుచుకున్న సరుకులు ఇంకో జాబితాలో. మొదటి జాబితాలో లేనిది గేటు దాటి లోపలికి రాకూడదు. తర్వాత ఏడాదికి కొన్నిసార్లు రబ్బీ వస్తాడు. కొన్నిసార్లు చెప్పి, కొన్నిసార్లు చెప్పకుండా.

మొదటిసారి వచ్చినప్పుడు మా జీఎం గారు పూలబొకే, శాలువా సిద్ధం చేయించారు. క్యాంటీన్‌లో నేతి ఇడ్లీ, అల్లం చట్నీ. ‘ప్యూర్ వెజ్ అండీ’ అని ఆయనకి ఇంగ్లీషులో మూడుసార్లు చెప్పారు. ఆయన నవ్వి, సంచిలోంచి చేప డబ్బా, పేపర్ ప్లేటు తీసుకున్నాడు, మా టేబుల్ మీంచి రెండు అరటిపళ్లు మాత్రం తీసుకున్నాడు. మా జీఎం మొహం చిన్నబోయింది. వెజ్ అయినంత మాత్రాన చాలదు, ఏ గిన్నెలో వండారన్నది ఆయనకు తెలియాలి. అరటిపండుకి తొక్క ఉంది, దానితో పేచీ లేదు. (మా సెక్యూరిటీ అతను మాత్రం ఈయన కొత్తరెడ్డిపాలెం వెళ్లడానికి వచ్చారా అని అడిగాడు. చేబ్రోలు దగ్గర ఆ ఊళ్లో తమను యూదులుగా చెప్పుకునే బెనే ఎఫ్రాయిమ్ అనే తెలుగు కుటుంబాలున్నాయి, వాళ్లకో ప్రార్థనా మందిరం కూడా ఉంది. గుంటూరు జిల్లాలో యూదులంటే పూర్తిగా కొత్త మాట కాదు.)

నా తల వంగిన రోజు ఒకటుంది, అదీ చెబుతాను. మిర్చి సారం నీళ్లలో కలవదు. కూల్‌డ్రింకులు, సూపులు చేసేవాళ్లకి నీళ్లలో కలిసేలా కావాలి. దానికి పాలీసార్బేట్ అనే పదార్థం కలుపుతాం. దాన్ని తయారుచేసే కొవ్వు పామాయిల్ నుంచీ రావచ్చు, పశువుల కొవ్వు నుంచీ రావచ్చు. చూపుకి రెండూ ఒకటే, పసుపురంగు జిగట ద్రవం. మా జాబితాలో ఉన్నది పామాయిల్‌ది. ఒక వేసవిలో స్టాకు తగ్గి, పర్చేజ్ వాళ్లు కిలోకి కొద్ది రూపాయలు తక్కువని వేరే ట్రేడర్ దగ్గర నాలుగు డ్రమ్ములు తెప్పించారు. స్పెసిఫికేషన్ సరిపోయింది, నేనూ సంతకం పెట్టాను. నెల తిరక్కుండా రబ్బీ చెప్పకుండా దిగాడు. ఆఫీసులోకి రాలేదు, నేరుగా డ్రమ్ముల షెడ్డుకి వెళ్లాడు. టార్చి వేసి ఒక్కో లేబులూ చదువుకుంటూ పోతున్నాడు, నేను వెనకాల. మూల ఉన్న డ్రమ్ము దగ్గర ఆగి, చేతిలో కాగితం చూసి, మళ్లీ డ్రమ్ము చూసి, ‘ఇది ఎవరిది?’ అన్నాడు. అంతే. ఆ నెలలో కలిపిన బ్యాచ్‌లన్నీ ఆపేశాం. కలిపే కెటిల్ కడిగి, ఇరవై నాలుగు గంటలు ఖాళీగా ఉంచి, ఆయన ఎదుట పొంగే నీళ్లు నింపి పొర్లించాక గానీ మళ్లీ వాడనివ్వలేదు. పాలీసార్బేట్ నిజంగా పశువుల కొవ్వుదా కాదా అన్నది ఆ ట్రేడర్ చివరికీ తేల్చి చెప్పలేకపోయాడు. రబ్బీకి ఆ తెలియకపోవడం ఒక్కటే చాలు.

ఈ సంఘటన ఎందుకు చెప్పానంటే, కోషర్ ముద్ర దేన్ని గట్టిగా పట్టుకుంటుందో మీకు కనబడాలని. పదార్థం ఎక్కడినుంచి వచ్చింది, ఏ యంత్రంలో తయారైంది. ఈ రెంటిలో నేను చూసిన ఏ ఇతర ఆడిట్ కన్నా అది కఠినం. ఐఎస్ఓ ఆడిటర్ ఫైళ్లు చూస్తాడు, రబ్బీ డ్రమ్ములు చూస్తాడు.

గుంటూరు సరుకు మీద అది ఎందుకుందన్న మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. అమెరికాలో ఒక సూపు కంపెనీకి ముద్ర కావాలంటే, ఆ సూపులో పడే ప్రతి పదార్థం కోషర్ అయి ఉండాలి. నూరు కిలోల సూపులో పది గ్రాములు పడే మిర్చి సారం కూడా. మాకు సర్టిఫికెట్ లేకపోతే ఆ కొనుగోలుదారు వేరే సప్లయర్‌ని చూసుకుంటాడు. మా ఎండీ గారికి యూదు మతం గురించి ఆసక్తి ఏమీ లేదు, ఆర్డరు పోతుందన్న టెన్షన్ ఉంది. అలా ఒక దేశంలో కొద్దిమంది పాటించే నియమం గొలుసుకట్టుగా ఎక్కడెక్కడికో పాకుతుంది. కోషర్ ఫీజు పేరుతో అందరి దగ్గరా మతపన్ను వసూలు చేస్తున్నారని ఇంటర్నెట్‌లో ఒక ప్రచారం తిరుగుతూ ఉంటుంది, మీకూ వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. శుద్ధ అబద్ధం. అది ల్యాబ్ టెస్టు ఫీజు లాంటిదే, కట్టేది కంపెనీ తన అమ్మకం కోసం. గిట్టదనుకుంటే మానేయొచ్చు, ఎవరూ మెడ మీద కత్తి పెట్టరు.

మరి కొనేదెవరు? 2020లో ప్యూ సంస్థ చేసిన సర్వే ప్రకారం అమెరికా జనాభాలో యూదులు 2.4 శాతం. వాళ్లలో ఇంట్లో కోషర్ పాటిస్తున్నామన్నది 17 శాతమే. ఇంత తక్కువమంది కోసం అంత పెద్ద పెద్ద కంపెనీలు గిన్నెలు కడుక్కుంటాయా? 2009లో మింటెల్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ, కోషర్ సరుకు కొనేవాళ్లని ఎందుకు కొంటున్నారని అడిగితే 62 శాతం నాణ్యత అన్నారు, 51 శాతం ఆరోగ్యం అన్నారు, 34 శాతం సురక్షితం అన్నారు. మతనియమం కోసం అన్నవాళ్లు ఏడుగురిలో ఒకరు. మీ ఆఫీసువాళ్లు ఆ మొదటి గుంపులో ఉన్నారన్నమాట.

ఈ నమ్మకాన్ని పెంచింది ప్రకటనలే. 1965లో హీబ్రూ నేషనల్ అనే హాట్‌డాగ్ కంపెనీ ఒక ప్రకటన వేసింది. ప్రభుత్వం ఒప్పుకునే కొన్ని సరుకులు కూడా మేం వాడం, మేం జవాబు చెప్పుకోవాల్సింది ఇంకా పైవాడికి అని దాని సారాంశం. మతం గురించి ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడకుండా, ఎవరో పైనుంచి చూస్తున్నారన్న భరోసాను అమ్ముకున్నారు. తెలివైన పని, నాకు నచ్చిన ప్రకటన కూడా. కానీ పైవాడు చూసేది పంది కొవ్వు కలిసిందా అని. ల్యాబులో బ్యాక్టీరియా లెక్కపెట్టడం రబ్బీ పని కాదు. 2013లో న్యూయార్క్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న చికెన్‌ని పరీక్షిస్తే, మందులకు లొంగని ఈ.కోలై ఎక్కువగా కనబడింది కోషర్ చికెన్‌లోనే. కోడికి యాంటీబయాటిక్స్ వేశారా లేదా అన్నది ఆ ముద్ర అడగదు. పనివాళ్లను ఎలా చూస్తున్నారన్నదీ అడగదు. 2008 మే నెలలో అయోవా రాష్ట్రం పోస్ట్‌విల్‌లో అప్పట్లో దేశంలోనే అతి పెద్ద కోషర్ మాంసం ఫ్యాక్టరీ మీద వలస అధికారులు దాడి చేసి 389 మందిని అరెస్టు చేశారు. ఆ తర్వాత అక్కడి పని పరిస్థితులు బయటపడితే యూదు సమాజంలోనే పెద్ద చర్చ నడిచింది. సరుకు మాత్రం నియమం ప్రకారం కోషరే.

రబ్బీ మంత్రం చదివి ఆశీర్వదిస్తే కోషర్ అవుతుందనుకోవడం కూడా పొరపాటే. కోషర్ సాల్ట్ అని అమ్మే దొడ్డు ఉప్పుకి ఆ పేరు మాంసం నుంచి నెత్తురు లాగడానికి వాడతారు కాబట్టి వచ్చింది, ఉప్పులో విశేషమేమీ లేదు. శుభ్రత విషయంలో ఒక్క పురుగుల దగ్గర మాత్రం వాళ్లు మనకన్నా చాలా ముందున్నారు. కంటికి కనిపించే పురుగు తినకూడదు కాబట్టి ఆకుకూరల్ని వెలుతురుకి పెట్టి చూస్తారు. 2004లో న్యూయార్క్ కుళాయి నీళ్లలో కోపెపాడ్ అనే మిల్లీమీటరంత జీవి ఉందని తేలితే, నీళ్లు తాగొచ్చా లేదా అని రబ్బీల మధ్య వాదన నడిచింది. చాలా ఇళ్లల్లో ఫిల్టర్లు బిగించుకున్నారు. మీ పాలకూరకి ఆ ముద్ర ఉంటే ఆ మేరకు నిశ్చింతే.

కోకాకోలా కథ చెప్పి మీ బాబు దగ్గరికి వస్తాను. అట్లాంటాలో టోబయాస్ గెఫెన్ అనే రబ్బీ ఉండేవాడు. కోక్ కోషరేనా అని అందరూ అడుగుతుంటే, రహస్యం బయటపెట్టనని మాటిచ్చి కంపెనీ నుంచి పదార్థాల జాబితా తెప్పించుకున్నాడు. అందులో పశువుల కొవ్వు నుంచి తీసిన గ్లిజరిన్ ఉంది. కంపెనీ దాన్ని మార్చాక 1935లో ఆయన ఆమోదించాడు. యూదుల పాస్ఓవర్ పండక్కి ఇంకో నియమం ఉంది. గోధుమ, బార్లీ లాంటివి పులిసినవి పనికిరావు, తూర్పు ఐరోపా మూలాలున్న చాలామంది మొక్కజొన్న కూడా ముట్టరు. అందుకని ఆ రోజుల్లో పసుపు మూతతో, కార్న్ సిరప్ బదులు పంచదారతో చేసిన కోక్ వస్తుంది. దానికోసం యూదులు కానివాళ్లు కూడా ఎగబడి కొంటారు, రుచి బాగుంటుందని. ఎవరి కోసమో పెట్టిన నియమం ఇంకెవరి నాలుకకో నచ్చింది! ప్యాకెట్ మీద కనిపించే పి అక్షరం ఈ పాస్ఓవర్‌దే. పారెవ్ అనుకుని చాలామంది పొరబడతారు.

బాబు విషయం. డి అంటే డెయిరీ. పాల పదార్థం ఉండొచ్చు, లేదా పాలు వాడిన యంత్రంలోనే ఇదీ తయారై ఉండొచ్చు. పదార్థాల జాబితాలో పాలు లేకున్నా ఓరియో మీద డి ఉండటం అందుకే. (ఈ ఓరియోలో ఒకప్పుడు పంది కొవ్వు ఉండేది. దాన్ని తీసేసి, ఓవెన్లన్నీ శుద్ధి చేసి, 1997లో ముద్ర తెచ్చుకున్నారు.) కొన్ని సంస్థలు యంత్రం మాత్రమే పాలదైతే డి.ఇ. అని రాస్తాయి. కాఫీలో వేసే నాన్‌డెయిరీ క్రీమర్ కూడా చూడండి. పేరులోనే పాలు లేవంటుంది, మూల డి ఉంటుంది, ఎందుకంటే అందులో కేసినేట్ అనే పాల ప్రొటీన్ వేస్తారు. ఇలాంటిచోట ఆ చిన్న అక్షరం పెద్ద అక్షరాల కన్నా నిజం చెబుతుంది.

కానీ డి లేకపోతే, లేదా పారెవ్ అని ఉంటే పాలు బొత్తిగా లేవనుకోకండి. కోషర్ నియమంలో పొరపాటున కలిసినది అరవైలో ఒక వంతు కన్నా తక్కువైతే లెక్కలోకి రాకుండా పోయే సందర్భాలున్నాయి. అది రుచి లెక్క. అలర్జీకి మిల్లీగ్రాములు చాలు. శుద్ధి చేసే పద్ధతి కూడా వాళ్ల శాస్త్రం ప్రకారమే గానీ ప్రొటీన్ మిగిలిందా అని స్వాబ్ తీసి చూసేది కాదు. డార్క్ చాక్లెట్ విషయంలో మరీ జాగ్రత్త, పాల చాక్లెట్ నడిచిన లైనులోనే అదీ నడుస్తుంది. చట్టప్రకారం రాసే అలర్జీ వాక్యం చదవండి, అనుమానముంటే కంపెనీకి ఫోన్ చేయండి, చివరి మాట మీ డాక్టరుది.

అత్తగారి విషయం ఇంకా తేలిక. మన దేశపు పచ్చచుక్క గుడ్డును మాంసాహారంగా లెక్కిస్తుంది, పాలను శాకాహారంగా. కోషర్ లెక్క పూర్తిగా వేరు. పారెవ్ కేకులో గుడ్డు ఉంటుంది. వూస్టర్‌షైర్ సాస్‌లో చిన్న చేపలుంటాయి. జెలటిన్ చేపదైనా కావచ్చు, కోషర్ పద్ధతిలో కోసిన పశువు తోలు నుంచి తీసినదైనా కావచ్చు, దాన్ని కూడా పారెవ్‌గా లెక్కించే పద్ధతి ఉంది. కాబట్టి మార్ష్‌మాలో, గమ్మీలు, కొన్ని రకాల పెరుగు ఆ ముద్ర చూసి ఆవిడకి పెట్టకండి. ఒక్క చీజ్ విషయంలో ఆ ముద్ర కొంత పనికొస్తుంది, అమెరికాలో కోషర్ చీజ్ దాదాపు అంతా దూడ పొట్టలోది కాకుండా సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్‌తోనే (పాలను గడ్డకట్టించే పదార్థం) చేస్తారు. ఎర్ర రంగుకి వాడే కార్మైన్ పురుగు నుంచి వస్తుంది కనుక ఓయూ ఉన్నదాంట్లో అది ఉండదు. జైనులైతే ఉల్లి, వెల్లుల్లి సంగతి ఈ ముద్రలో వెతకడం దండగ.

మీ పక్కింటి ముస్లిం కుటుంబం కోషర్ కొంటుందన్నారు. హలాల్ దుకాణాలు లేని ఊళ్లలో చాలామంది అలాగే చేస్తారు, పంది ఉండదన్న ధైర్యంతో. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. కానీ వైన్, ఆల్కహాల్‌తో తీసిన వెనీలా కోషర్ కావచ్చు, హలాల్‌కి వైన్ కుదరదు, ఆ వెనీలాని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. వాళ్లకి తెలిసే ఉంటుంది, మీరు చెప్పాల్సిన పనిలేదు.

చిన్న హెచ్చరిక. ఉత్త కె అక్షరం మాత్రమే ఉంటే దాని వెనక ఎవరున్నారో తెలియదు. ఒంటి అక్షరాన్ని ట్రేడ్‌మార్క్ చేసుకోవడం కుదరదు కనుక ఎవరైనా వేసుకోవచ్చు. ఓయూ, ఓకే, స్టార్‌ కె, కాఫ్‌ కె లాంటివైతే ముద్ర వెనక ఒక సంస్థ, ఒక ఫోన్ నంబరు ఉంటాయి.

ఇక ఆ గోంగూర సీసా. యు ఉంది, డి లేదు కాబట్టి తయారీలో పాల పదార్థం వేసి ఉండకూడదు. అత్తగారికి గోంగూర, ఉప్పు, కారం, నూనెతో పేచీ ఉండదు, జాబితాలో వెల్లుల్లి ఉంటే ఆవిడ ఏకాదశి రోజు మాత్రం పక్కన పెట్టండి. నువ్వుల నూనె వాడి ఉంటే 2023 జనవరి నుంచి నువ్వులను అలర్జీ పదార్థంగా చూపించాల్సిందే, అది కోషర్ ముద్రతో సంబంధం లేని అమెరికా చట్టం, బాబుకి నువ్వులతో ఏ ఇబ్బందీ లేదని ఒకసారి రూఢి చేసుకోండి. ఇంగువ పేరు కూడా వెతకండి. మన ఇంగువలో ఎక్కువగా గోధుమపిండి కలుపుతారు. అలాంటి ఇంగువ పడి ఉంటే ఆ సీసా మీద పాస్ఓవర్ పి మాత్రం ఎప్పటికీ పడదు.